టెస్టు అంటే మొదట మట్టి పిడత

పోయిన సంవత్సరం మదనపల్లిలో మా చిన్నాయన కొడుకు పెండ్లికి పోయినాము. పెండ్లికూతురు వాళ్లది గుంటూరు దిక్కు. భోజనాల దగ్గర వాళ్ల తరఫు పెద్దామె ఒకరు మా పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాపకు తొమ్మిదేండ్లు. పెద్దవాళ్లు కనిపిస్తే ముందు ఏమి అడగాలో ఇంట్లో నేర్పించినాము కదా, "అవ్వా, మీది ఊట అయ్యిందా?" అని మర్యాదగా అడిగింది.

ఆమె నవ్వేసినారు. "ఊట ఏంటమ్మా? బావిలో నీళ్లు ఊరితే అది ఊట. భోజనం అయిందా అనాలి. ఏదీ, అను చూద్దాం." పాప అనింది. "మరి నల్లగా ఉంటుంది, పాలిస్తుంది, అదేంటి?" పాప "ఎనుము" అనింది. "గేదె అనాలి తల్లీ. సరే, అ ఆలు రాయడం వచ్చా?" రాదు. ఆమె నా దిక్కు చూసి, "టెస్టులో ఫెయిలు!" అని నవ్వి, పాప చేతిలో ఒక లడ్డు పెట్టినారు.

ఆమె మనసులో చెడ్డ ఏమీ లేదు. మన పెండ్లిండ్లలో పిల్లలతో ఇట్ల ఆడుకోని పెద్దవాళ్లు ఎవరున్నారు? కానీ ఆ రాత్రి ముళబాగిలుకు తిరిగి వస్తా ఉంటే పాప నన్ను కన్నడలో అడిగింది: "అమ్మా, నావు తెలుగు అల్వా?" మనం తెలుగువాళ్లం కాదా అని. ఆ తర్వాత చానా నెలలు ఊర్లో ఉన్న మా అమ్మ ఫోన్ చేస్తే పాప కన్నడలోనే జవాబు చెప్పేది. మా అమ్మ తెలుగులో అడుగుతుంది, ఇది కన్నడలో చెప్తుంది. మా అమ్మకు కన్నడ రాదని కాదు, బాగానే వస్తుంది. కానీ నాలుగైదు తరాలుగా కోలారు జిల్లాలో కన్నడ బడికి పోయి, కన్నడ సంతలో అమ్మి, కన్నడలో కాగితాలు రాయించుకుని, ఇంట్లో మాత్రం తెలుగు వదలని కుటుంబం మాది. అది ఒక లడ్డు తినే సేపట్లో ఆగిపోతే ఎట్ల?

నన్ను ఇంకా ఎక్కువ కుట్టింది ఆ "టెస్టు" అనే మాట. ఎందుకంటే నేను తినే అన్నమే ఆ మాటది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పని చేస్తాను. రోజుకు వంద సార్లు ఆ మాట రాస్తాను, చెప్తాను. అది ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. వెతికి చూస్తే దాని కథ మా జిల్లా దాకా వచ్చింది. అందుకే ఇది రాస్తా ఉన్నాను.

టెస్టు అంటే మొదట పరీక్ష కాదు. అది ఒక మట్టి పాత్ర. లాటిన్‌లో టెస్టమ్ అంటే మట్టి గిన్నె. దానికి చుట్టమైన టెస్టా అంటే కుండ, పెంకు, చిప్ప. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేటప్పటికి దానికి ఒకే పని మిగిలింది: బంగారం, వెండి లాంటి లోహాలను కరగబెట్టి అవి ఎంత మేలిమివో తేల్చే చిన్న పిడత. ఆరు వందల ఏండ్ల కిందట ఇంగ్లీషు కవి చాసర్, రసవాదుల సామాన్ల జాబితా చెప్పేటప్పుడు ఈ మాటను ఈ అర్థంలోనే వాడినాడు.

ఇదే టెస్టా ఇంకో దారిలో పోయి ఫ్రెంచిలో 'తలకాయ' అయింది. మనం కోపంలో "నీ బుర్రలో ఏముంది" అన్నట్టు వాళ్లు తలను ఎగతాళిగా కుండ అన్నారు, చివరికి అదే అసలు పేరుగా నిలిచిపోయింది. పీయూసీ బయాలజీలో గింజ పైపొరను కూడా టెస్టా అనే చదివినాము. వేరుశనక్కాయ వలిస్తే గింజ మీద ఉండే ఎర్ర పొట్టు అది. కుండ, తల, గింజ పొట్టు, మూడింటిలోనూ ముఖ్యమైనది లోపల ఉండే సరుకే.

ఆ పిడత పని ఎట్లంటే ఇట్ల. బంగారం ఉన్న రాయిని పొడి చేసి, సీసం కలిసిన మందుతో కొలిమిలో కరగబెడతారు. సీసం బంగారాన్నీ వెండినీ తనలోకి లాక్కుని అడుగున ముద్ద అవుతుంది. ఆ ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న పిడతలో పెట్టి మళ్లీ కాలుస్తారు. అప్పుడు సీసం, రాగి లాంటివి మాడి, పిడత గోడల్లోకి ఇంకిపోతాయి. చివరికి పిడత నడుమ ఒక చిన్న పూస మిగులుతుంది. ఆ పూసలోంచి వెండిని నైట్రిక్ ఆమ్లంతో తీసేసి, మిగిలిన బంగారాన్ని తూకం వేస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఈ రాయిలో బంగారం ఇంత అని.

ఇది చదివేటప్పుడు నాకు కేజీఎఫ్ కళ్లముందుకు వచ్చింది. మా ఊరినుంచి బస్సులో పోయి రాగలిగే దూరం. 1880ల్లో అక్కడ కొత్త పద్ధతుల్లో గనులు మొదలైనాయి. ఆ గనులకోసమే 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తీగ లాగినారు. నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తవ్వినారు. తమిళం మాట్లాడేవాళ్లు, మన తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడ పని చేసినారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. అట్లాంటి తావున టన్ను రాయిలో దొరికేది కొన్ని గ్రాముల బంగారమే. టన్నుకు కొన్ని గ్రాములంటే, మిగిలినదంతా రాయే కదా. అయినా అక్కడ టెస్టు చేసేవాడు ఆ రాయిని చూసి "ఫెయిలు" అనడు. ఎన్ని గ్రాములు ఉందో రాసుకుంటాడు. ఆ లెక్కను బట్టే ఏ దిక్కు తవ్వాలో తేలుతుంది.

మాట పుట్టినప్పటి అర్థం ఇదీ. లోపల ఏముంది, ఎంత ఉంది అని తెలుసుకోవడం.

మరి పాస్, ఫెయిలు ఎక్కడినుంచి వచ్చినాయి? లోహాన్ని వదిలి మనుషుల మీదికి వచ్చినప్పుడు మాట మెల్లిగా మారింది. షేక్‌స్పియర్ 'మెజర్ ఫర్ మెజర్' నాటకంలో ఏంజెలో అనే అధికారి, నాకింత పెద్ద పదవి ఇచ్చే ముందు నా లోహాన్ని ఇంకొంచెం టెస్టు చేయండి అన్నట్టు మాట్లాడతాడు. అప్పటికి ఇంకా కొలిమి వాసన పోలేదు. ఆ తర్వాత 1673లో ఇంగ్లండులో టెస్ట్ యాక్ట్ అని ఒక చట్టం వచ్చింది. సర్కారు ఉద్యోగం కావాలంటే ఆంగ్లికన్ చర్చి పద్ధతిలో ప్రసాదం తీసుకోవాలి, క్యాథలిక్కుల నమ్మకం ఒకటి తప్పని ఒప్పుకోవాలి. ఆ టెస్టు మనిషిలో ఏముందో కనుక్కోవడానికి పెట్టింది కాదు. ఎవరిని బయట పెట్టాలో ముందే అనుకుని, వాకిట్లో పెట్టిన అడ్డుకట్ట. దాన్ని ఎత్తేసింది 1828లో.

ఇంకో సంగతి చూడండి. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి పిల్లల తెలివిని కొలిచే టెస్టు తయారు చేసినారు. బడిలో ఏ పిల్లలకు ఎక్కువ సాయం కావాలో కనుక్కోవడమే వాళ్ల ఉద్దేశం. తెలివి అనేది మారకుండా ఉండిపోయేది కాదు, పెంచవచ్చు అని బినే గట్టిగా నమ్మినాడు. ఆయన పోయిన కొన్నేండ్లకు, మొదటి ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం ఇట్లాంటి టెస్టులే 17 లక్షల మందికి పెట్టింది. కొన్ని ప్రశ్నలు అమెరికాలో అమ్మే సరుకుల గురించి, అక్కడి బేస్‌బాల్ ఆట గురించి. వేరే దేశాలనుంచి కొత్తగా వచ్చినవాళ్లకు అవి ఎట్ల తెలుస్తాయి? వాళ్లకు మార్కులు తక్కువ వచ్చినాయి. ఆ మార్కులు చూపించి ఆ జాతులకే తెలివి తక్కువ అని పుస్తకాలు రాసినారు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే గేదె, ఎనుము గుర్తుకు వచ్చినాయి.

అన్ని టెస్టులూ ఇట్ల చెడిపోలేదు, అదీ చెప్పాలి. క్రికెట్‌లో టెస్టు మ్యాచి అనే మాట 1861-62లో ఇంగ్లండు జట్టు ఆస్ట్రేలియా పోయినప్పుడు పుట్టింది. ఇప్పుడు లెక్కలో మొదటిదిగా చెప్పుకునే టెస్టు 1877లో మెల్‌బోర్న్‌లో జరిగింది. ఎవరి బలం ఎంత అని తేల్చుకోవడమే అక్కడ టెస్టు. ఐదు దినాలు ఆడి ఎవరూ గెలవకపోయినా దాన్ని ఎవరూ ఫెయిలు అనరు. రక్తం టెస్టు కూడా అంతే. షుగరు ఎంత ఉందో చెప్తుంది. డాక్టరు ఆ కాగితం చూసి మందు రాస్తాడు గానీ, నువ్వు మనిషివే కాదు అని ఇంటికి పంపడు.

నా కథ కూడా కొంచెం చెప్తాను. నేను చదివింది పల్లెలో సర్కారీ కన్నడ బడి. అక్కడ చిన్న టెస్టును 'కిరు పరీక్షె' అనేవాళ్లు. ఇంజనీరింగు అయినాక బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పోతే కమ్యూనికేషన్ టెస్టు అన్నారు. ఒక నిమిషం ఇంగ్లీషులో మాట్లాడాలి. తెలుగులో అనుకుని, కన్నడలోకి తెచ్చుకుని, అక్కడినుంచి ఇంగ్లీషు చేసేలోపల నిమిషం అయిపోయింది. పంపించేసినారు. ఆ టెస్టు తప్పు చెప్పలేదు. నాకు ఇంగ్లీషు గబగబా రాదని సరిగ్గానే కనుక్కుంది. కానీ ఒక ప్రోగ్రాము నా ముందు పెడితే అది ఎక్కడ జారిపోతుందో పట్టుకోగలనని కనుక్కోలేదు. ఎందుకంటే అది అడగలేదు.

మా వృత్తిలో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. ఎడ్జర్ డైక్‌స్ట్రా అనే కంప్యూటరు శాస్త్రవేత్త ఎప్పుడో చెప్పినాడు: టెస్టింగు తప్పులు ఉన్నాయని చూపించగలదు గానీ లేవని చూపించలేదు. దానికి నా పని అనుభవంతో ఇంకొకటి కలుపుతాను. టెస్టుకు తాను అడిగిందే తెలుస్తుంది. అడగనిది ఉందో లేదో దానికి తెలియదు. కొత్తగా చేరిన టెస్టర్లు పాస్, ఫెయిలు అని రెండు గళ్లు నింపి ఇంటికి పోతారు. కొంచెం అనుభవం వచ్చినవాళ్లు, ఇది ఏమి చేస్తుంది, ఎక్కడిదాకా తట్టుకుంటుంది, ఎక్కడ సాయం కావాలి అని రాస్తారు. వాళ్లకు తెలియకపోయినా వాళ్లు చేసేది ఆ పాత పిడత పనే.

మన భాషల్లో దీనికి ఉన్న మాటలు చూస్తే ఇంకా సంతోషం అవుతుంది. పరీక్ష అంటే సంస్కృతంలో చుట్టూ తిరిగి చూడడం. ఒక దిక్కునుంచి చూసి తీర్పు చెప్పడం కాదు. బంగారాన్ని గీసి చూసే రాయిని మనం గీటురాయి అంటాము, ఒరగల్లు అంటాము. కన్నడవాళ్లు ఒరెగల్లు అంటారు. రెండు భాషల్లోనూ ఒకటే రాయి. కంసాలి ఆ రాయి మీద నగను గీసి, పక్కన తనకు తెలిసిన బంగారాన్ని గీసి, రెండు గీతల రంగు చూస్తాడు. అప్పుడు ఇది ఇన్ని క్యారెట్లు అని చెప్తాడు.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న మాట. మన పిల్లల తెలుగును మనం టెస్ట్ యాక్టు మాదిరి టెస్టు చేస్తా ఉన్నాము. పిడత మాదిరి చేయడం లేదు.

మా పాప ఆ దినం చెప్పిన రెండు మాటలనే పిడతలో వేసి చూద్దాం. 'ఊట' కన్నడ మాట, నిజమే. అది పిడత గోడలోకి ఇంకిపోయేది అనుకుందాం. 'ఎనుము'? అది కన్నడ కాదు, కన్నడలో 'ఎమ్మె' అంటారు. ఎనుము పాత తెలుగు మాట, నిఘంటువుల్లో ఉంది, రాయలసీమలో ఈ పొద్దుకూ బతికి ఉంది. అంటే పాపను ఫెయిలు చేసిన మాటే పిడతలో మిగిలే పూస. మా అమ్మ నోట్లో ఇట్లాంటివి ఎన్ని లేవు? ఇల్లు ఊడవడం అనదు, కసువు నూకడం అంటుంది. చోటు అనదు, తావు అంటుంది. సాయంత్రం అనదు, మాపు అంటుంది. మాకు సంగటిలోకి ఊరుబిండి లేకపోతే ముద్ద దిగదు. ఇవన్నీ మేము కన్నడదేశంలో ఉండి పోగొట్టుకోకుండా పెట్టుకున్నవి.

కేజీఎఫ్‌లో తెల్లగా కొండల మాదిరి ఉండే సైనైడు దిబ్బలు చూసినవాళ్లకు తెలుసు. రాయిని పొడి చేసి, బంగారం తీసుకుని, ఇంక పనికిరాదని పారబోసిన మట్టి అది. ఆ మట్టిలో ఇంకా బంగారం మిగిలి ఉందని, తీయవచ్చని ఎన్నో ఏండ్లుగా మాట్లాడుకుంటానే ఉన్నారు. ఒక కాలం టెస్టు వద్దని పారేసింది ఇంకో కాలానికి గని అవుతుంది. మన మాటలను పారబోసే ముందు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

దీనికి మా తమ్ముడు ఒప్పుకోడు. "అక్కా, అట్లైతే తప్పు అనేదే లేదా? రేపు పిల్లలు సగం ఇంగ్లీషు, సగం కన్నడ కలిపి ఇదే మా తెలుగు అంటే, భేష్ అని తల ఊపాలా?" అని అడుగుతాడు. సరైన ప్రశ్నే. నేను టెస్టరును, తప్పు కనిపిస్తే దాచిపెట్టడం నా వల్ల కాదు. పిడత అబద్ధం చెప్పదు. బంగారం లేకపోతే లేదనే చెప్తుంది. మా పాపకు చదవడం, రాయడం రాదు. అది నిజం, అది నా తప్పు. నాకే తెలుగు అక్షరాలు 26 ఏండ్లకు వచ్చినాయి. చిత్తూరు బస్సుల బోర్డులు, తెలుగు క్యాలెండర్లు చూసి నేర్చుకున్నాను. కన్నడ అక్షరం వచ్చినవాళ్లకు తెలుగు అక్షరం సగం వచ్చినట్టే కాబట్టి నాకు సాధ్యమైంది. పాపకు బడిలో కన్నడ ఉంది, దానికీ సాధ్యమే. నేను కూర్చోబెట్టి నేర్పించలేదు, అంతే.

కానీ తమ్ముడికి నేను చెప్పేది ఒకటే. మేలిమి బంగారం 24 క్యారెట్లు. దానితో గాజులు చేస్తే వంగిపోతాయి. అందుకే రాగో, వెండో కలుపుతారు. మన ఇండ్లలో ఉండే 916 నగ అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, మిగిలింది కలిపినది. అంటే 22 క్యారెట్లు. ఆ కలిపినదానివల్లే అది చేతికి నిలబడింది. మన తెలుగులో కలిసిన కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీ కూడా అట్లాంటివే. సంతలో, బడిలో, పొలంలో ఆ మాటలు కలవకపోయి ఉంటే మన పెద్దవాళ్లు ఇన్ని తరాలు ఇక్కడ బతికేవాళ్లే కాదు, భాష ఇంట్లో మిగిలేదీ కాదు. అయితే కలిపేదానికీ ఒక లెక్క ఉంది. 22 దిగి 18 అయితే అది కూడా నగే. 9 అయితే ఆలోచించాలి. మన ఇల్లు ఎంతలో ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు నిజాయితీగా తూకం వేయాలి. ఆ తూకం వేసేది ఎగతాళి చేసేవాళ్లు కాకూడదు, అంతే నా వాదన.

ఇంకొక చిన్న సంగతి. టెస్టిమొనీ, టెస్టమెంట్, ప్రొటెస్ట్ లాంటి ఇంగ్లీషు మాటలు చూసి ఇవన్నీ టెస్టు పిల్లలే అనుకున్నాను. కాదంట. అవి టెస్టిస్ అనే వేరే లాటిన్ మాటనుంచి వచ్చినాయి. దానికి సాక్షి అని అర్థం. ఇద్దరి నడుమ మూడోవాడుగా నిలబడినవాడు అని దాని మూలం చెప్తారు. చూడడానికి ఒకటే మాదిరి ఉన్నా రెండూ వేరు. పెండ్లిలో ఆ దినం మా పాపకు పరీక్ష పెట్టేవాళ్లు ఉన్నారు. "ఎనుము తెలుగే, మా అవ్వ కూడా అట్లే అనేది" అని చెప్పే సాక్షి లేరు. నేను పక్కనే ఉన్నాను, చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ పెద్దామె మీద కంటే నా మీదే నాకు ఎక్కువ కోపం.

ఆ తర్వాత మేము ఒక పని మొదలుపెట్టినాము. ఆదివారం మా అమ్మకు ఫోన్ చేసి ఒక వస్తువు పేరు చెప్తాము. "దీన్ని నువ్వు ఏమంటావు?" అని అడుగుతాము. ఆమె చెప్పింది పాప ఒక నోటుబుక్కులో రాస్తుంది. మొదట కన్నడ అక్షరాల్లోనే రాసేది, ఇప్పుడు కొన్ని తెలుగు అక్షరాల్లో. పక్కన అది కన్నడలో ఉందా, గుంటూరు దిక్కు ఏమంటారు అని నేను కనుక్కుని రాస్తాను. ఏ మాటకూ తప్పు గుర్తు పెట్టము. ఇప్పటికి రెండు వందల మాటలు దాటినాయి. మొన్న పాప తానే ఫోన్ లాక్కుని, "అవ్వా, మన ఎనుము ఈనిందా?" అని అడిగింది. తెలుగులోనే.

హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉండే మన వాళ్లకు కూడా వాళ్ల వాళ్ల 'ఊట'లు, 'ఎనుము'లు ఉంటాయి. మీకు నాదొక మనవి. ఈ సారి పెండ్లిలో ఎవరి పిల్లలనైనా దగ్గరికి పిలిచినప్పుడు "ఇది అను చూద్దాం" అనకండి. "మీ ఊర్లో దీన్ని ఏమంటారమ్మా?" అని అడగండి. అడిగి, వాళ్లు చెప్పేది వినండి. లడ్డు ఎట్లా ఇస్తారు కదా, అది తర్వాత ఇవ్వండి.